గోడకాడి జాగ

పర్శరాములుకు భూమి కింది సంగతులన్నీ తెలుసని ఎల్లారెడ్డి దిక్కు అందరికీ తెలుసు. తెల్వంది ఒక్క పర్శరాములుకే.

ఆయన చేసేది బోరు పాయింట్లు చూసుడు. అరచేతిల కొబ్బరికాయను అడ్డంగ పండవెట్టుకొని చెల్కలల్ల నడుస్తడు. యాడనైతే కాయ లేచి నిలవడ్తదో అక్కడ కింద జల ఉన్నట్టు. కాయ తనంతట తాను లేస్తదా, లేకుంటే పర్శరాములు బొటనేలే లేపుతదా అంటే, ఒట్టు, ఆయనకు సుత సక్కగ తెల్వది. వాళ్ల బాపు చేతిల లేచింది, ఇప్పుడు ఈయన చేతిల లేస్తున్నది, అంతే. కొన్ని బోర్లల్ల నీళ్లు వడ్డయి, కొన్నిట్ల దుమ్ము లేచింది. నీళ్లు వడ్డకాడ కల్లు పోసిండ్రు. దుమ్ము లేచినకాడ తాతముత్తాతల్ని యాది చేసి మరీ తిట్టిండ్రు.

ఆ తిట్లు తప్పిచ్చుకుంటందుకు ఆయనొక మాట తయారు వెట్టుకున్నడు. కాయ నిలవడంగనే కండ్లు మూసుకొని, గొంతు బొంగురు చేసి, "భూమాత ఇయ్యాల కోపంగున్నది... ఏమైతదో చెప్పలేం" అంటడు. నీళ్లు వడితే ఆ మాట ఎవ్వలకు యాదికుండది. వడకపోతే, "నేను ముందుగాలనే చెప్పిన గద పటేలా" అని తువ్వాల దులుపుకొని బస్సెక్కుతడు. పిట్లమైనా, రాజంపేటైనా, ఏ ఊరి చెల్కైనా సరే, భూమాతకు కోపం లేని దినం పర్శరాములు బతుకుల ఒక్కటి లేదు.

ఇగ మొన్నటికి మొన్న, పోయిన చలికాలం, ములుగు దిక్కు భూమి కదిలింది. రాష్ట్రమంతా జర ఊగింది. ఎవ్వలింట్లనో గిన్నెలు గల్లుమన్నయి, ఎవ్వలదో మంచం కదిలింది. సరిగ్గ గప్పుడే పర్శరాములు నాగిరెడ్డిపేట అవుతల మల్లేష్ పటేల్ చెల్కల ఉన్నడు. పోచారం కాలువ నీళ్లు అందని చెల్క అది. మల్లేష్‌వి అప్పటికే రెండు బోర్లు ఎండిపోయినయి, పాయింటు చూసినోళ్లు మళ్ల ఫోన్ ఎత్తలె. ఈసారి వచ్చినోడన్న తప్పిచ్చుకపోవద్దు, సాక్ష్యం ఉండాలెనని మల్లేష్ తన ఫోన్ల వీడియో తీసుకుంట ఎంబడే నడుస్తున్నడు.

కాయ నిలవడ్డది. పర్శరాములు కండ్లు మూసుకున్నడు. "భూమాత ఇయ్యాల కోపంగున్నది... ఏమైతదో" అనేటాల్లకు కాళ్ల కింద భూమి గుర్రుమన్నది. కాయ కింద వడ్డది. పర్శరాములు ఉరికిండు. ఎటు ఉరుకుతున్నడో సోయి లేదు. ఒక చెప్పు చెల్కల, ఇంకొక చెప్పు ఒడ్డు మీద. అది భూకంపమని ఆయనకు తట్టనే లేదు. అవుతల ఆపిన బోరు లారీ బ్రేకులు ఫెయిలై మీదికొస్తున్నదనుకున్నడు.

వీడియోల గట్ల కనవడలె. వీడియోల, భూమి కదలకముందే భూమాత కోపం చెప్పిన మనిషి, అందరికన్నా ముందు ఉరికిన మనిషి కనవడ్డడు. "సూడు సూడు, ముందే ఎరుకైంది ఆయనకు" అనుకుంట జనం ఆ వీడియోను ఒకలకొకలు పంపుకున్నరు. పొద్దుమీకేటాల్లకు పర్శరాములు మొగులు మీదున్నడు. కాకి వాలింది, తాటిపండు వడ్డది, జనం కాకికి దండేసిండ్రు.

గీ కాకి సుత తక్కువది కాదు. దండ వద్దనలె.

ఒక టీవీవోళ్లు కారు పంపి మరీ పట్నం తోలుకపోయిండ్రు. పక్క కుర్చీల భూగర్భశాస్త్రం చదివిన పెద్దసారు ఒకాయన కూసున్నడు. "పెద్ద భూకంపం ఏ రోజు వస్తుందో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరండీ. ఏడాది పొడుగునా నేల ఊగే జపాన్ వాళ్లు కూడా చెప్పలేరు. ఫలానా చోట రావచ్చు, ఇన్నేళ్లలో రావచ్చు అని అంచనా మాత్రం వేస్తాం. ఎప్పుడంటే మాత్రం నాకు తెలియదు" అన్నడు. కార్యక్రమం నడిపే పిల్ల మొఖం మాడిపోయింది. ఆ సారును మళ్ల ఒక్క మాట సుత అడగలె. కుర్చీ ఇటు తిప్పుకొని, "మీరు చెప్పండి పర్శరాములు గారూ, మళ్లీ ఎప్పుడు?" అన్నది.

వాళ్ల కార్ల వచ్చి, వాళ్ల బిర్యానీ తిని, వాళ్ల పౌడరు మొఖానికి పూసుకొని "తెల్వది" అంటే ఏం బాగుంటది? "భూమాత కోపం ఇంక తగ్గలె తల్లీ" అన్నడు పర్శరాములు. అన్నంక తన మాటకు తనకే జర బుగులైంది. చప్పట్లు కొట్టేసరికి ఆ బుగులు పోయింది. వాపు జూసి బలుపనుకునుడంటే గిదే. తర్వాత ఆ మాట తనను తాను ఎన్నిసార్లు అనుకొని నవ్వుకున్నడో!

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు పెద్దలు. పర్శరాములు రచ్చ గెలిచిండు. ఇంట సత్యమ్మ ఉన్నది.

సత్యమ్మ ఆయన పెండ్లాం. కామారెడ్డిల వాళ్ల గల్లీ అవుతల బీడీ కార్ఖానల బీడీలు చేస్తది. ఆ వీడియోను కార్ఖానల అందరితోటి కలిసి చూసింది, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఇంటికొచ్చినంక మళ్ల నవ్వింది. "ఏందయ్యా గా ఉరుకుడు! పెండ్లినాడు బారాతుల గుర్రం బెదిరినప్పుడు సుత నన్నిడిసిపెట్టి గిట్లనే ఉరికినవ్."

"టీవీవోళ్లు పిలిచిండ్రే నన్ను."

"పిలుస్తరు. వాళ్లకేం ఎరుక? మనింటి బోరు చూపెట్టకపోయినవా?"

వాళ్లింటి బోరు పెరట్ల ఉన్నది. పాయింటు పర్శరాములే చూసిండు. కాయ నిలవడ్డదంటే ఏమన్న నిలవడ్డదా, జెండా కట్టె లెక్క నిలవడ్డది. బోరేస్తే గల్లీ అంతా తెల్లటి దుమ్ము. ఇప్పుడా బోరు మీద బండ వెట్టి, దాని మీద నల్లా నీళ్లతోని సత్యమ్మ బట్టలు ఉతుకుతది. ఉతికినప్పుడల్లా ఒక పోటు పొడుస్తది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు. ఈ చెట్టైతే నీడకు సుత పనికిరాలేదని ఆమె లెక్క.

మొన్నటి వానకాలం కామారెడ్డిల కొట్టిన వానలు యాదికున్నయి గద. వాగులు రోడ్లెక్కినయి, కాలనీలల్ల ఇండ్లు మునిగినయి. ఆ నీళ్లు తీసినంక ఒకనాడు సత్యమ్మ సద్ది మర్చిపోయి పోతే, గిన్నె పట్టుకొని పర్శరాములు కార్ఖానకు పోయిండు. కార్ఖాన అంటే ఏ మిషన్లో ఉంటయనుకునేరు. పాత పెంకుటిల్లు, లోపల ఒక పొడుగు అర్ర. ఆడోళ్లు వరుసగ కూసొని ఒళ్లె చాటలు వెట్టుకొని తునికాకు కత్తిరిచ్చుకుంట, తంబాకు పోసి చుట్టుకుంట, దారం కట్టుకుంట ఉంటరు. ఎనుక గోడ మట్టిగోడ, మీద సున్నం.

పర్శరాములు ఆ గోడను చూసిండు. గోడకు పొట్టొచ్చింది. నడుమ ఇంతెత్తు ముంగటికి ఉబ్బి, పైన దూలం కాడ పగులు వడ్డది. చెయ్యి వెట్టి చూసిండు. మణికట్టు దాక పోయింది. లోపల మన్ను ఇంక పచ్చిగ చల్లగ తగిలింది. ఆ పొట్టకు సరిగ్గ కింద, వీపు ఆనిచ్చి కూసున్నది సత్యమ్మ.

 భూమి కింద ఏమున్నదో పర్శరాములుకు ఎన్నడు కనవడకపాయె, భూమి మీద గోడ మాత్రం కండ్లకు కనవడే గద.

"సత్తెమ్మా, ఆడ కూసోకు. గోడ వడేటట్టున్నది."

ఆడోళ్లందరు కిసుక్కున నవ్విండ్రు. సత్యమ్మ తల సుత ఎత్తలె. "కొబ్బరికాయ తెచ్చినవా? నిలవెట్టి చూడు, వడ్తదో లేదో."

గిందుల ఒక సంగతి ఉన్నది. కార్ఖానల ఎవ్వలు యాడ కూసోవాలెనో ఎవ్వలు రాసివెట్టలె, గని అందరికీ ఎరుకే. కొత్తగొచ్చినామె గడపకాడ కూసుంటది, ఎండ కొడ్తది, వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు కాళ్లు తొక్కుతరు. ఏండ్లు గడిచినకొద్ది లోపలికి జరుగుకుంట జరుగుకుంట, చివరకు గోడ దొరుకుతది. పొద్దంత వంగి చేసే పని, వీపుకు గోడ దొరికిందంటే సింహాసనం దొరికినట్టే. సత్యమ్మ జాగకైతే పక్కన కిటికీ సుత ఉన్నది. ఆ జాగ ఇడిసిపెడితే మళ్ల రాదు. పక్కన్నే రాజశ్రీ అనేటామె చూసుకుంట కూసున్నది, ఎప్పుడు ఖాళీ అయితదా అని. రాజశ్రీ చెడ్డది కాదు, పాపం ఆమె నడుము సుత నడుమే.

"సచ్చేదాక ఇడువ" అన్నది సత్యమ్మ.

"గదే నేననేది" అన్నడు పర్శరాములు. ఎవ్వలు ఇనలె.

కార్ఖాన నడిపే టేకేదారు సిద్ధిరాములు కాడికి పోయిండు. సిద్ధిరాములు గోడను ఒకపారి, పర్శరాములును ఒకపారి చూసిండు. "నిజాం కాలం నాటి గోడన్నా ఇది. ఎన్ని వానలు చూసిందో! ఇల్లు కిరాయిది, గోడ ఇంటోళ్లది, నేనేం ముట్టుకోను." తర్వాత గొంతు తగ్గిచ్చి, కండ్లు పెద్దగ చేసి అడిగిండు, "అది గాదు గని, నీకేమన్న ఎరుకైందా? భూకంపమేమన్న...?"

 గోడ వడ్తదంటే ఇననోడు భూకంపమంటే చెవులు రిక్కిస్తున్నడు. కండ్ల ముంగట ఉన్నదాన్ని నమ్మరు, ఎవ్వలకు కనవడందాన్ని చెప్తే కాళ్లు మొక్కుతరు. గప్పుడు పర్శరాములు బుర్రల ఒక బుద్ధి పుట్టింది. ఆయనకు పుట్టిన బుద్ధులల్ల ఒక్కటన్న సక్కటిది ఉంటే గీ కథనే లేకపోవు.

"ఎరుకైంది" అన్నడు. కండ్లు మూసుకున్నడు. "వచ్చే శుక్రారం. పొద్దు పొడిచిన సంది పొద్దుగూకేదాక. పెద్దది. ఎవ్వలు ఇండ్లల్ల ఉండొద్దు."

ఆయన లెక్క ఏందంటే, ఆ ఒక్కనాడు కార్ఖానోళ్లు ముంగటి వాకిట్ల కూసుంటరు. గాలి మంచిగ తగుల్తది, ఎల్తురు ఉంటది. పైన ఒక పరదా కడితే సాలు, గీడనే బాగున్నదని అలవాటు వడ్తరు. సత్యమ్మ సుత వాళ్లల్లనే ఉంటది. ఒక్క అబద్ధం, ఒక్క దినం, ఒక్క గల్లీ. ఎవ్వలకేం నష్టం?

సిద్ధిరాములు ఆ మాట బావమరిదికి చెప్పిండు. బావమరిది ఎల్లారెడ్డిల ఉంటడు. ఎల్లారెడ్డి నుంచి అది మల్లేష్ ఫోన్లకు పోయింది. మల్లేష్ ఆ పాత వీడియో కింద కొత్త తారీఖు అతికిచ్చి మళ్ల ఇడిసిండు. ఇగ సూస్కో. గురువారం పొద్దుమీకేటాల్లకు ఎవ్వలింట్ల చూసినా లొల్లే. రాజంపేటల పసులను కొట్టాలల్లకెల్లి ఇప్పి బయట కట్టేసిండ్రట. పిట్లంల ఒకాయన బీరువను వాకిట్లకు మోపిచ్చి దాని పక్కన్నే మంచమేసుకున్నడట. పెద్ద అధికారులు టీవీల, ఫోన్లల్ల మొత్తుకున్నరు: "పుకార్లు నమ్మొద్దు, భూకంపం ఎప్పుడొస్తదో ఎవ్వలు చెప్పలేరు." జనం ఆ మాట ఇని ఇంక బెదిరిండ్రు. ఏం లేకుంటే గవర్నమెంటు ఎందుకు చెప్తదన్నరు.

 పర్శరాములు ఊదిన పీకకు ఆయననే ఆడుమంటున్నరు. గురువారంనాడే మల్లేష్ మనుషులను పంపి ఎల్లారెడ్డికి తోలుకపోయిండు, "శుక్రారం నువ్వు మా కాడనే ఉండాలె పర్శన్నా, నువ్వుంటే మాకు ధైర్యం" అనుకుంట. శుక్రారం తెల్లారెటాల్లకు బస్టాండు అవుతల మైదానంల జాతర లెక్క జనం. చాపలు, పొయ్యిలు, ఉప్మాలు. పర్శరాములును నడుమ కుర్చేసి కూసోవెట్టిండ్రు. గడియకొకలు వచ్చి అడుగుతున్నరు.

"ఎన్ని గంటలకన్నా?"

"చిన్నదా, పెద్దదా?"

"స్నానం చేయొచ్చునా?"

ఆయన ఏది అడిగినా "భూమాత..." అని ఆకాశం దిక్కు చూస్తున్నడు. ఆకాశానికీ భూమాతకు ఏం సంబంధమో ఎవ్వలు అడగలె, ఆయన బతికిండు. జర సందు దొరకంగనే మూలకు పోయి సత్యమ్మకు ఫోన్ చేసిండు.

"యాడున్నవే?"

"యాడుంట? కార్ఖానల."

"బయట వాకిట్లనా?"

"బయటేమున్నది, ఎండ. అందరు బయట కూసున్నరు. నేను లోపల్నే ఉన్న, నా జాగల. ఎంత సల్లగున్నదో! ముచ్చట్లు లేవు, లొల్లి లేదు. మంచి ఆకంత నాకే దొరికింది. నువ్వు వారానికొకపారి గిట్లనే చెప్పయ్యా."

పర్శరాములు ఫోన్ జేబుల వడేసుకున్నడు. భూకంపం రాదని లోకమంతట్ల తెలిసినోళ్లు ఇద్దరే, ఒకలు తాను, ఇంకొకలు సత్యమ్మ. ఆయన అబద్ధం ఊర్లకు ఊర్లను బయటికి గుంజింది, ఎవ్వలను గుంజాలెనో ఆమెనొక్కదాన్ని లోపల ఇడిసిపెట్టింది. ఆ గోడకింద ఇప్పుడు ఆమె ఒక్కతే. వడితే ఒర్లినా ఇనేటోళ్లు లేరు, గుంజేటోళ్లు లేరు. ఎవ్వలు లోపలికి పోరు, ఎందుకంటే పోవద్దని చెప్పింది తానే.

చెప్పకుండ, చెయ్యకుండ సీదా బస్టాండుకు నడిచిండు. ఎనుకనుంచి మల్లేష్ "పర్శన్నా, యాడికే?" అని ఒర్లుతున్నడు. "అగో, ఉరుకుతున్నడు! వస్తున్నట్టుందిరో!" అని ఎవ్వడో అన్నడు. మైదానమంతా లేచి నిలవడ్డది. గంతమంది తననే చూస్తుంటే, ఆయన కామారెడ్డి బస్సు మెట్లు ఎక్కిండు.

బస్సుల సుత ఇడిసిపెట్టలె. కండక్టరు టికెట్ కొట్టకుండ అడిగిండు, "బస్సుల ఉన్నోళ్లకు ఏం కాదు గదనే, టైర్లున్నయి గద?" ముసలామె ఒకామె తన సీటిచ్చింది. పర్శరాములు కూసోలె. కడ్డి పట్టుకొని, తొవ్వ పొడుగునా తనను తాను తిట్టుకున్నడు. బోరు పోతే రైతుకు ఇంకో బోరు, సత్తెమ్మ పోతే ఇంకొక సత్తెమ్మ యాడ దొరుకుతదిరా, నీ కాయ పాడువడ! నీళ్లు చూసినవ్, భూకంపాలు చూసినవ్, ఇంట్ల మనిషి మొండితనం ఎంతున్నదో చూడకపోతివి. గుంతలల్ల బస్సు ఊగినప్పుడల్లా అందరు "అమ్మో" అంటున్నరు, ఆయన ఒక్కడే ఆ గోడను యాది చేసుకొని అంటున్నడు.

కార్ఖాన గల్లీల అడుగు వెట్టే సందు లేదు. ఆడోళ్లంతా వాకిట్ల, రోడ్డు మీద చాటలు ముంగటేసుకొని కూసున్నరు. పని మాత్రం సాగుతలేదు, భూమి దిక్కే చూస్తున్నరు. కార్ఖానల అందరికన్న పెద్దామె రాములవ్వ చెయ్యి పట్టుకొని ఆపింది.

"పోకు బిడ్డా, నువ్వే చెప్తివి గద."

"సత్తెమ్మ లోపలున్నదవ్వా!"

"మస్తు పిలిచినం. 'ఆయనతోని కాపురం చేసింది మీరా, నేనా' అని అన్నది. ఇగ మేమేం చేస్తం?"

పర్శరాములు చెయ్యి ఇడిపిచ్చుకొని గడప దాటిండు. ఎనుకనుంచి "దేవుడే, దేవుడు! పానానికి తెగిచ్చి పోతున్నడు" అన్నడు సిద్ధిరాములు. దేవుని కాళ్లు గజగజ వణుకుతున్నయి. భూకంపం రాదని తెలిసినోనికి గీ వణుకుడేందో!

లోపల ఎవ్వలు లేక అర్ర పెద్దగ కనవడ్డది. సత్యమ్మ గోడకు వీపు ఆనిచ్చి, కాళ్లు బార్లా జాపి, హాయిగ బీడీలు చుడుతున్నది. నెత్తి మీద గోడ పొట్ట.

"అగో, వచ్చిండు మహానుభావుడు. ఏమాయె, భూకంపానికి బస్సు దొరకలేదా?"

"సత్తెమ్మా, లే. బయటికి రా."

"ఎందుకు? వస్తున్నదా?"

"రాదు."

ఆమె చేతులు ఆగినయి. "రాదా? మరి ఊర్లకు ఊర్లనే బయట కూసోవెట్టినవ్?"

"నిన్ను బయట కూసోవెడ్దామని. అందరు వచ్చిండ్రు, నువ్వొక్కదానివే రాలె."

సత్యమ్మ ఆయన మొఖం దిక్కు చూసింది. నవ్వాలెనో తిట్టాలెనో ఆమెకు సమజైతలేదు. పర్శరాములు పోయి ఆమె పక్కన్నే, అదే గోడకు ఆనుకొని కూలవడ్డడు. చల్లటి మన్ను వీపుకు తగిలింది. ఇగ ఏం దాచుకున్నా లాభం లేదనిపిచ్చింది.

"నాకు తెల్వది సత్తెమ్మా. భూకంపం ఎప్పుడొస్తదో తెల్వది. కింద నీళ్లున్నయో లేవో తెల్వది. కాయ నేను లేపుతున్ననో, అదే లేస్తున్నదో, గది సుత తెల్వది. గీ గోడ ఇయ్యాల వడ్తదో, వచ్చే వానకాలం వడ్తదో, మనం పోయినంక వడ్తదో, నాకేం ఎరుక? గని ఆ పగుల్ల చెయ్యి వెట్టిన సంది నాకు బువ్వ దిగుతలేదు, నిద్ర వడ్తలేదు. నువ్వు లేకపోతే నేను బతకలేనే. నువ్వు రానంటే చెప్పు, ఇద్దరం గీడనే కూసుందాం."

ఆయన కండ్ల నీళ్లు తుడుచుకోలె.  సత్యమ్మ చాటలున్న ఆకును ఇటు జరిపింది, అటు జరిపింది.

"పెండ్లైన సంది నీ నోట్ల తెల్వది అన్న మాట ఇనలె" అన్నది. "నల్లా ఎప్పుడొస్తదంటే చెప్పినవ్. కరెంటు ఎప్పుడొస్తదంటే చెప్పినవ్. బోర్ల నీళ్లు ఎంత లోతుల వడ్తయో చెప్పినవ్. ఒక్కటి నిజం కాలె. గందుకే నువ్వేం చెప్పినా నేను ఎదురే పోయిన." మీదికి తలెత్తి గోడ పొట్టను చూసింది. మొదటిపారి చూసినట్టు చూసింది. "ఇయ్యాల తెల్వదంటున్నవ్ అంటే నిజంగనే బుగులు వడ్డవన్నట్టు. లే, నడువ్."

చాట ఎత్తుకొని ముంగట ఆమె, ఎనుక ఆయన బయటికొచ్చిండ్రు. జనం చప్పట్లు కొట్టవోయిండ్రు. సత్యమ్మ చెయ్యెత్తి ఆపింది.

"భూకంపం లేదు, గీకంపం లేదు. మా ఆయనకు ఏం తెల్వదట. ఇప్పుడే చెప్పిండు."

 తర్వాత ఏమైందో చెప్పేదేమున్నది? రాములవ్వ దుమ్మెత్తి పోసింది. "నీ నోట్ల మన్నువడ, పొద్దున సంది ఎండల ఎండవెడ్తివి గదరా!" అప్పటిదాక దేవుడన్న సిద్ధిరాములు "సగం దినం పని ఖరాబు చేసిండు, బేకార్‌గాడు!" అని ఎగిరిండు. ఎవ్వలో ఎల్లారెడ్డికి ఫోన్ కొట్టిండ్రు. ఇగ ఆ దిక్కు నుంచి మల్లేష్ తిట్టిన తిట్లు ఫోన్ల నుంచి వాకిలంతా ఇనవడ్డయి. పర్శరాములు తలకాయ వంచుకొని నిలవడ్డడు. తిట్లు తప్పిచ్చుకునే మాట ఒకటి ఉండె, గది సుత పనికిరాకపాయె.

"పోండ్రి, పోండ్రి, లోపలికి పోయి పని చేసుకోండ్రి" అన్నడు సిద్ధిరాములు. ఆడోళ్లు చాటలెత్తుకొని లేచిండ్రు.

సత్యమ్మ మాత్రం వాకిట్ల ఒక పక్కకు, అందరు కాళ్లు తొక్కే జాగల, కొత్తగొచ్చినామె లెక్క గోనెసంచి పరుచుకొని కూసున్నది. కత్తెర తీసింది. "గోడకాడి నా జాగ ఖాళీగనే ఉన్నది" అన్నది, తలెత్తకుంటనే. "ఎవ్వలకు గావాలెనో పోయి కూసోండ్రి."

అందరు రాజశ్రీ దిక్కు చూసిండ్రు. రాజశ్రీ చాట పట్టుకొని గడప దాక పోయింది. లోపలికి చూసింది. కిటికీ ఎల్తురు, నున్నటి గోడ, ఎన్నేండ్ల సందో కన్నేసిన జాగ. మళ్ల ఎనుకకు తిరిగి సత్యమ్మను చూసింది. ఆ జాగ కోసం అదే కార్ఖానల పనిచేసే తోడికోడలితోని సుత మాటలు బందువెట్టుకున్న సత్యమ్మ, ఎండల కూసొని ఆకు కత్తిరిస్తున్నది. రాజశ్రీ గడప దిగొచ్చి ఆమె పక్కన్నే కూసున్నది. ఆమె ఎనుక ఇంకొకామె. రాములవ్వ తిట్టుకుంట తిట్టుకుంటనే వచ్చి నీడ దిక్కు చూసుకొని కూసున్నది. పర్శరాములు ఇంత పెద్ద నోరు వెట్టుకొని చెయ్యలేంది, సత్యమ్మ ఇడిసిపెట్టిన జాగ చేసింది.

ఇప్పుడు వాకిట్ల రేకుల పందిరున్నది. దాన్ని నిలవెట్టింది పర్శరాములే, గుంజలు ఆయనే పాతిండు. సిద్ధిరాములు లోపలి అర్రల తంబాకు సంచులు వేసుకుంటున్నడు, తీసేటప్పుడు, వెట్టేటప్పుడు మాత్రం మనుషులు ఉరుక్కుంట పోయి ఉరుక్కుంట బయటికొస్తరు. పాయింట్లకు పిలిచేటోళ్లు తగ్గిండ్రు. ఎన్నడన్న ఎవ్వలన్న పిలిస్తే పర్శరాములు పోతడు, కాయ నిలవడ్తది, "నీళ్లున్నయో లేవో నాకు తెల్వది పటేలా" అంటడు. గట్లంటే ఎవ్వలు కల్లు పోస్తరు? బస్సుల ఎవ్వలన్న గుర్తువడితే సీటియ్యరు, నవ్వుతరు. ఆయన సుత నవ్వుతడు. నవ్వొచ్చే సంగతే గద.

గోడ మాత్రం వడలె. వానలు పోయినయి, చలికాలం వచ్చింది, పొట్ట జాపుకొని గట్లనే నిలవడ్డది. ఆడోళ్లకు గదొక ఆట అయ్యింది. "ఏందన్నా, నీ గోడ ఇంక సావలె?" అంటరు ఆయన సద్ది పట్టుకొని రాంగనే. పందిరి కింద చలి కొడ్తది, గాలికి ఆకు ఎగురుతది, వీపుకు ఆనిచ్చేటందుకు ఏం లేదు. నడుము వట్టుకున్నప్పుడల్లా సత్యమ్మ ఆయన్ను తిడ్తది. ఆ తిట్లు గల్లీ మలుపుకాడికే ఇనవడ్తయి. ఇనవడంగనే ఆయన పానం నిమ్మళమైతది.

నిన్న గిన్నె అందుకుంట సత్యమ్మ అడిగింది, "ఏమయ్యా, ఆ గోడ ఎప్పుడు వడ్తదంటవ్?"

అందరి కత్తెరలు ఆగినయి. పర్శరాములు గోడ దిక్కు చూసిండు. నాలుక మీదికి ఒక తారీఖు వచ్చింది, ఆయన దాన్ని మింగిండు.

"నాకు తెల్వది" అన్నడు.

 సత్యమ్మ చాట ఎత్తుకొని, గోనెసంచి గుంజుకొని, గోడకు ఇంకింత దూరం జరిగి కూసున్నది.